మగ్గం గుంతలో సీసాలు

నా మనవడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, పెళ్లి రిసెప్షన్‌కు బార్ పెట్టాలన్నాడు. నేను ఉగ్గానికి బొరుగులు నానబెడుతున్నాను. చెయ్యి నీళ్లలోనే ఉండిపోయింది.

"బారంటే?" అన్నాను, తెలిసి కూడా.

"బారంటే బారే అవ్వా. నా ఫ్రెండ్స్ ముప్పై మంది వస్తాండారు. పిల్ల తరపోళ్లు ఆదోని నుంచి బస్సేసుకోని వస్తారు. ఒట్టి నన్నారి షర్బత్తు తాపించి పంపితే బాగుంటాదా?"

"నన్నారి తాగి ఎవుడూ సావలేదు. మీ తాత ఏం తాగి సచ్చినాడో తెలుసు గదా నీకు?"

 వాడు గొంతు తగ్గించి, "నాయనకు తెలవకుండా సేద్దాంలే అవ్వా" అన్నాడు.

అసలు సంగతి అదే. వాడి నాయన, అంటే నా కొడుకు, తాగడం మానేసి అప్పటికి పదకొండు నెలలు. మానేశాడు అనడం కూడా సరికాదు, మాన్పించారు. కర్నూలు ఆసుపత్రిలో రక్తం కక్కుకుని పడుకున్నప్పుడు డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, ఇంకొక్కసారి తాగితే మనిషి మిగలడని చెప్పింది. మెల్లగా చెప్పలేదు. నేనూ మెల్లగా చెప్పించుకునే మనిషిని కాను. ఆ రోజు నుంచి వాడి పక్కన కూర్చున్నప్పుడల్లా ముక్కుతో వెతుకుతూనే ఉన్నాను. వాడు దగ్గితే లేస్తాను. టీ అంగడికి పోయి పది నిమిషాలు ఆలస్యమైతే వాకిట్లోకి వచ్చి నిలబడతాను.

నా మొగుడు సారాయికి పోయాడు. నాకప్పుడు నలభై దాటింది, ఒక్క అక్షరం రాదు. ఆ మరుసటేడు మా వీధికి ఒక టీచరమ్మ వచ్చేది. మధ్యాహ్నం మగ్గాలు ఆపి, పదిమంది ఆడవాళ్లం పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి బోర్డు సారాయి దుకాణానిది. తర్వాత ఆ దుకాణం ముందు బైఠాయించి మూయించిన వాళ్లలో నేనూ ఉన్నాను. అట్లాంటి దాన్ని, డెబ్బై దాటాక నా చేత్తో సీసాల జాబితా రాశాను. నవ్వేవాళ్లు నవ్వొచ్చు.

కొడుక్కు తెలియకుండా చేసే పని అయితే కాలేదు. ఆ ఆదివారమే పెళ్లికూతురి తండ్రి ఆదోని నుంచి వచ్చాడు. పత్తి వ్యాపారి, గొంతు పెద్దది. మా వసారాలో కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు కూడా తాగకముందే మొదలుపెట్టాడు. నేను చాప మీద, నా కోడలు గడప దగ్గర. నా కొడుకు స్తంభానికి ఆనుకుని పేపరు చూస్తున్నాడు.

"అత్తా, మండపంలో సీసా కనపడితే ఓనరు ఊరుకోడంట. ముందే సెప్పినాడు. ఆదోనిలో మా గోడౌను ఉండాది, ఆడ పెడదామా?"

"రిసెప్షను ఎమ్మిగనూరులో, తాగేది ఆదోనిలో. తూలుకుంటా ముప్పై కిలోమీటర్లు నడిసొస్తారా మీవోళ్లు?"

"మరి యాడ పెడదామో నువ్వే సెప్పు."

పేపరు వెనక నుంచి నా కొడుకు అన్నాడు: "మన మగ్గం కొట్టం ఉండాది గదా. మండపం ఎనకాలే."

కోడలు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. తర్వాత మేము ముగ్గురం ఆ కొట్టం గురించే మాట్లాడుకున్నాం, కానీ ఆ మాట వాడు అన్నట్టు కాకుండా, ఎక్కడి నుంచో దానంతటదే వచ్చినట్టు మాట్లాడుకున్నాం.

"సరుకు నేను తెప్పిస్తా. సిరుగుప్పలో మావోడొకడుండాడు, కర్ణాటక సరుకు మంచిది" అన్నాడు వియ్యంకుడు.

"ఆ పని సేసినావంటే రిసెప్షను పోలీస్ స్టేషన్లో పెట్టుకోవాల. పిల్లోడు ఒక్కరోజుకు పర్మిట్ తీసుకుంటాండాడు. మన ఆంధ్రాలో కొన్నదే ఈడ తాగండి. బీగంచెవి నా నడుముకు ఉంటాది. తెరిసేదీ నేనే, మూసేదీ నేనే."

ఆయన తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "సారాయి అంగడి మూపిచ్చిన మా అత్త బారు తెరుస్తాదంటనే!"

"నవ్వింది సాలుగానీ, ఇంగొకటి. నా కొడుకు కంకణం పదహారు దినాల దాంక ఇప్పేది ల్యా. వాడు ఆ కొట్టం గడప తొక్కేది ల్యా."

మా ఇళ్లలో పెళ్లికొడుకుతో పాటు తండ్రికీ కంకణం కడతారు. మగ్గం మీది పడుగులోంచి తీసిన పోగులు పేని, పసుపు కొమ్ము చుట్టి, ఇంట్లో పెద్ద ఆడమనిషి ముడి వేస్తుంది. అది చేతికి ఉన్నన్నాళ్లు మాంసం, మందు ముట్టకూడదు. పదహారు రోజుల పండుగనాడు కట్టిన మనిషే విప్పాలి. ఇప్పుడు అవన్నీ ఎవరికి కావాలి? పీటల మీది నుంచి లేస్తూనే విప్పేసుకుంటున్నారు.

"పదహారు దినాలా? మా తమ్ముడు తలంబ్రాలు దులుపుకోకముందే ఇప్పేసి బిర్యానీ కాడికి పరుగెత్తినాడు" అన్నాడు వియ్యంకుడు. తర్వాత ఏదో తోచి, "ఏం బావా, నీకు సమ్మతమేనా?" అని అడిగాడు.

నా కొడుకు పేపరు మడిచాడు. "అమ్మ సెప్పినాక నాదేముంది" అని చెప్పులు వేసుకుని టీ అంగడికి పోయాడు. వాడు తిరిగి వచ్చేదాకా నేను వాకిట్లోనే ఉన్నాను. వియ్యంకుడు చెప్పిన మిగతా మాటలు ఒక్కటీ నా చెవికెక్కలేదు.

జాబితా రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మండపం లోపల ఆడవాళ్లకు, పిల్లలకు, మంత్రాలయం వైపు నుంచి వచ్చే పెద్దలకు నన్నారి, బాదంపాలు, గోలీసోడా. అది సులువు. కొట్టం సంగతే నాకు తెలియదు. ముప్పైమంది కుర్రవాళ్లు ఎన్ని బీర్లు తాగుతారు? వయసు మళ్లిన వాళ్లకు విస్కీ ఎంత? సారాయి రోజుల్లో చెంబులతో కొలిచేవాళ్లు, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఇంట్లో ఆ లెక్క తెలిసిన మనిషి ఒక్కడే. వాణ్ని అడగలేను. నాలుగు సీసాలు రాస్తాను, కొట్టేస్తాను, మళ్లీ రాస్తాను. నంజుకోవడానికి పెద్దకడుబూరు శనక్కాయలు వేయించినవి, మిరపకాయ బజ్జీలు, ఉల్లిపాయ, నిమ్మకాయ. ఐసు రెండు మూటలు. కాగితాన్ని క్యాలెండరు మేకుకు గుచ్చాను.

పొద్దున లేచి చూస్తే "ఐసు రెండు మూటలు" అన్నచోట రెండు కొట్టేసి ఉంది. పక్కన "ఐదు. ఎండాకాలం" అని నా కొడుకు రాత. సోడాలు కూడా పెంచాడు. విస్కీ తగ్గించాడు.

వాడు తప్పు రాయలేదు. నాకు గుబులు పుట్టింది కూడా అందుకే. రాత్రంతా వాడి తల అక్కడే తిరిగి ఉంటుందనిపించింది. కాగితం తీసి నా రవికలో దాచాను. అడగలేదు. వాడూ చెప్పలేదు.

పెళ్లికి వారం ముందు మనవడు వచ్చాడు. వాడితో కారులో ఆదోని పోయాను.

"నువ్వు కార్లో కూసో అవ్వా. ఆడ మగోళ్లుంటారు."

"నేను మగోళ్లను సూడలేదా? కూసుంటే నీకిష్టమైనవన్నీ ఎత్తుకొస్తావు."

దుకాణానికి ఇనుప జాలీ, ముందు మగవాళ్ల వరుస. నన్ను చూసి ఒకడు పక్కకు జరిగి, "అవ్వకు దారియ్యండ్రప్పా. ఏం గావాల్నవ్వా, క్వార్టరా?" అన్నాడు.

"క్వార్టరుతో మా వియ్యంకులు పండ్లు తోముకుంటారు. జరుగు" అని, జాలీలోంచి నా కాగితం లోపలికి ఇచ్చాను. వరుస వరుసంతా నవ్వింది. లోపలి మనిషి కాగితం పైకీ కిందికీ చూసి, "ఇది రాసినోడెవురో గానీ తెలిసినోడవ్వా" అన్నాడు. నా పక్కన నిలబడిన మనిషి చేయి వణుకుతోంది. నా కొడుకు చెయ్యి అట్లాగే వణికేది, మగ్గం ముందు కూర్చుంటే పోగును అటూ ఇటూ నడిపే నాడె జారి కింద పడేది. ఆ మనిషి తన సీసా తీసుకుని పంచె కొంగులో దోపుకుని పోయేదాకా వాణ్నే చూశాను.

మా కొట్టంలో రెండు గుంత మగ్గాలు. ఒకటి నాది, దాని మీద సగం నేసిన బట్ట అట్లాగే ఉంది. రెండోది కొడుకుది, ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఖాళీ. కాళ్లు పెట్టుకునే గుంతలో ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. సీసాలన్నీ వాడి మగ్గం గుంతలో పేర్చి, తడి గోనెపట్టాలు కప్పించాను. తాళం వేశాను. గంటకోసారి పోయి తెరిచి చూశాను. ఒకసారి ఊరికే, నేసేటప్పుడు వాడు కూర్చునే చెక్క మీద కూర్చుని కాళ్లు కిందికి వదిలాను. యాభై ఏళ్లు మగ్గం తొక్కిన నా కాళ్లకు గాజు తగిలింది. వెంటనే పైకి తీసుకున్నాను.

ఆదోనిలో పెళ్లి బాగానే జరిగింది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు. కొడుకు మణికట్టుకు కంకణం నేనే కట్టాను. నా కుడి బొటనవేలు చిన్నప్పుడు మగ్గంలో పడి వంకరపోయింది. అందుకని నేను పోగులు అతికేటప్పుడు ఎడమ చేత్తో మెలిపెడతాను, నా ముడి ఎడమకు పడుతుంది. నేను అతికిన పోగును మా వీధిలో ఎవరైనా గుర్తుపడతారు. తాళి కట్టడం అయ్యాక అయ్యవారు అందరి కంకణాలూ విప్పించబోతే, నేను కొడుకు చెయ్యి పట్టుకుని, "ఈనిది ఉండనీ సామీ" అన్నాను. అయ్యవారు నా మొహం చూసి ఊరుకున్నాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కొట్టానికి తాళం, చేతికి దారం. ఇంకేం కావాలి అనుకున్నాను.

మరుసటి రోజు సాయంత్రం రిసెప్షన్. మండపం ముందు లైట్లు వేస్తున్నారు. నా కొడుకు కొత్త చొక్కా వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సేతి గుండీ పడ్తా లేదుమ్మా, రోంత పెట్టు."

మణికట్టు పట్టుకున్నాను. దారం ఉంది, పసుపు కొమ్ము ఉంది. ముడి కుడికి పడి ఉంది.

గుండీ పెట్టాను. నా వేళ్లు ఎట్లా పెట్టాయో నాకు తెలియదు. తిన్నగా కొట్టానికి పోయి తాళం తీసి, గోనెపట్టా ఎత్తి సీసాలు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. అన్నీ ఉంటే ఏమిటి? ఊరంతా సీసాలే, నా గుంతలోవి మాత్రమేనా?

తిరిగి వచ్చేసరికి వియ్యంకుడు తన వాళ్లను వెంటేసుకుని ఎదురొచ్చాడు. "అత్తా, బీగంచెవి! మావోళ్ల గొంతులు ఎండిపోతాండాయి."

"ఎండనీ" అని, నన్నారి గ్లాసులు అందిస్తున్న కొడుకును చొక్కా పట్టుకుని వంటల వెనక్కి లాక్కుపోయాను.

"ఈ ముడి ఎవురిది?"

చెయ్యి దాచుకోలేదు. "నాదే."

"నేను గట్టింది?"

"నిన్న ఆదోని లాడ్జిలో ఇప్పినా. పిల్లోని ఫ్రెండ్స్ రూములో కూసోనుండ్రి. నేను టవలు కోసం పోతి. ఒగ పిల్లోడు తెలీక, తీసుకోండంకుల్ అని గ్లాసు సేతికిచ్చినాడు. దారంతో తాగితే తప్పని, ఇప్పి జేబులో ఏసుకున్నా."

పక్కన ఎవరో బూరెలు వేయిస్తున్నారు. ఆ నూనె చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది.

"తాగినావా?"

"ల్యా."

"ఎందుకు తాగల్యా?"

"నాకేం తెల్సు? శానాసేపు పట్టుకోనుంటి. ఐసంతా కరిగిపాయ. కిటికీలో పెట్టి కిందికి దిగొచ్చి, బండి కాడ నాలుగు బజ్జీలు తింటి. మళ్ల కట్టుకుంటి, పండ్లతో బిగించి."

"నేనెట్ల నమ్మేది?"

"నమ్మాకు." నా మొహంలోకి చూసి అన్నాడు, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి. "నువ్వు దారాన్ని నమ్ముతావు, బీగాన్ని నమ్ముతావు. నా కొడుకు పెండ్లికి కొట్టంలో ఏం పెట్టాలో నన్నొక్కరూ అడగల్యా. వచ్చినోళ్లంతా పెండ్లికొడుకు నాయన యాడ, మమ్మల్ని పలకరించల్యా అంటాండారు. నేనేమో ఈడ ఆడోళ్లకు షర్బత్తు పోస్తాండా. అట్ల దాపెట్టినాక, తాగితే ఏమి, తాగకపోతే ఏమి?"

చెంప మీద కొట్టాలనిపించింది. వాడికి యాభై దాటాయి, మీసం సగం తెల్లబడింది. అవతల వియ్యంకుడు మళ్లీ అరిచాడు: "అత్తో! బీగంచెవి!"

బాగా ఆలోచించి ఇచ్చానని చెప్పను. నడుము దగ్గర తాళంచెవి ముడి విప్పుతుంటే, ఇది వియ్యంకుడికే ఇస్తున్నాననుకున్నాను. తీసి కొడుకు చేతిలో పెట్టాను. వాడు దాన్ని ఒకసారి చూసి, "ఐసు వచ్చిందా?" అని అడిగి పోయాడు.

తర్వాత నేను నన్నారి బల్ల దగ్గర కూర్చున్నాను. అక్కడి నుంచి వెనక గేటు, గేటు అవతల కొట్టం తలుపు కనపడతాయి. లేచాను. కూర్చున్నాను. ఒక పిల్లకు గ్లాసు ఇస్తూ దాని పావడ మీద సగం ఒలకబోశాను. మగవాళ్లు నలుగురైదుగురు గుంపులుగా లోపలికి పోతున్నారు, పెద్దగా మాట్లాడుతూ బయటికి వస్తున్నారు. నా కొడుకు ఐసు మూట భుజాన వేసుకుని పోయాడు. ఎవరితోనో నవ్వాడు. లోపలికి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు.

కోడలు పరుగున వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఉంది. "అత్తా, బీగం ఆయన సేతికిచ్చినావంటనే?"

"ఇచ్చినా."

"నాకొక మాట సెప్పకుండా ఎట్లిస్తివి? ఆసుపత్రిలో బక్కెట పట్టుకోనింది నువ్వా నేనా?"

తప్పు నాదే. దాన్నీ నేను అడగలేదు. అది అక్కడే బోర్లించిన బాన మీద కూర్చుంది. స్టేజీ మీద మనవడు, పెళ్లికూతురు ఫోటోలు దిగుతుంటే, పెళ్లికొడుకు తల్లీ అవ్వా వాళ్లకు వీపు తిప్పి ఒక రేకు తలుపు చూస్తూ కూర్చున్నాం. ఫోటో మనిషి రెండుసార్లు పిలిచాడు. మేము కదల్లేదు.

జనం భోజనాలకు లేచేసరికి వాడు బయటికి వచ్చాడు. చొక్కా చేతులు తడిసి ఉన్నాయి. తలుపుకు తాళం వేసి, లాగి చూసి, మా దగ్గరికి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. వెనకే వియ్యంకుడు, మనవడి స్నేహితులు నలుగురు.

"నోరు తెరువు" అన్నాను.

"ఈడనా? అందరూ సూస్తాండారు."

"సూడనీ."

వంగి నోరు తెరిచాడు. ఉల్లిపాయ. మిరపకాయ. వేయించిన శనక్కాయల వాసన. నేను మళ్లీ వాసన చూశాను. నన్ను పక్కకు నెట్టి కోడలు కూడా చూసింది. అది చూశాక మొగుడి భుజం మీద ఒక్క దెబ్బ వేసి, ఏడుస్తూ స్టేజీ వైపు పోయింది.

"అత్తా, నాది గూడా సూస్తావా?" అన్నాడు వియ్యంకుడు.

"నీది ఆదోని దాంక కొడతాంది. మూసుకో."

కుర్రవాళ్లు పగలబడి నవ్వారు. నా కొడుకూ నవ్వాడు. 

పదహారో రోజు కంకణం విప్పడానికి నా ముందు కూర్చున్నాడు. నా ముడి అయితే ఒక్క లాగుతో వచ్చేది. పళ్లతో బిగించిన ముడి రాలేదు. కోసెయ్యమన్నాడు. మా ఇళ్లలో కంకణాన్ని కొయ్యరు. దబ్బనం తెచ్చుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, తిట్టుకుంటూ, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా విప్పాను. వాడు చెయ్యి కదపకుండా కూర్చున్నాడు. ఆ తర్వాత కొట్టంలోకి పోయి, తన మగ్గం గుంతలోని ముక్కిపోయిన గోనెపట్టాలు తీసి ఎండకు వేశాడు.

ఇప్పుడు వాడి చేతికి దారం లేదు. కొట్టానికి తాళం వెయ్యడం లేదు. వాడు టీ అంగడికి పోతే నేను ఇంకా వాకిట్లోకి వస్తూనే ఉన్నాను. నేను అడగను. వాడే గడప దగ్గర ఆగి, వంగి, నోరు తెరుస్తాడు. టీ వాసన వస్తుంది. లోపలికి పోతాను. సాయంత్రం మళ్లీ బయటికి వస్తాను.